గంట మోగింది, గుమ్మంలో పులి

బ్రిటిష్ రచయిత్రి, చిత్రకారిణి జుడిత్ కెర్ 1968లో వెలువరించిన పిల్లల బొమ్మల పుస్తకం 'ద టైగర్ హూ కేమ్ టు టీ' మీద వాదన అప్పుడప్పుడూ రాజుకుంటూనే ఉంటుంది. సోఫీ, వాళ్లమ్మ వంటింట్లో టీకి కూర్చుంటారు. గంట మోగుతుంది. ఎవరై ఉంటారు? పాలవాడు పొద్దున్నే వచ్చి వెళ్లాడు. కిరాణా కుర్రాడు వచ్చే రోజు కాదు. నాన్న దగ్గర తాళంచెవి ఉంది. తలుపు తీస్తే ఎదురుగా పెద్ద పులి! లోపలికి వచ్చి ఇంట్లో ఉన్నదంతా తిని, తాగి వెళ్లిపోతుంది. పేచీ అంతా ఆ గుమ్మంలోనే ఉంది: వచ్చింది పులేనా, ఇంకెవరైనానా?

యూదులైన కెర్ కుటుంబం హిట్లర్ జర్మనీని వదిలి వచ్చిన కథ చాలామందికి తెలిసిందే. ఆ గంట మోతలో నాజీ పోలీసుల జాడ ఉండవచ్చని రచయిత మైకేల్ రోసెన్ అన్నది దాన్ని బట్టే. ఊహ నిరాధారమేమీ కాదు. 1933 మార్చిలో ఎన్నికలైన మర్నాటి పొద్దున్నే బెర్లిన్‌లోని వాళ్లింటికి పాస్‌పోర్టులు లాక్కోవడానికి మనుషులు వచ్చారు. అప్పటికే తొమ్మిదేళ్ల జుడిత్ తల్లితో, అన్నతో సరిహద్దు దాటేసింది. అంటే, ఆ తలుపు చప్పుడు ఆమె విననే లేదు.

నా దృష్టిలో అసలు మలుపు బెర్లిన్‌లో లేదు, 1960ల తొలినాళ్ల లండన్ ఇంట్లో ఉంది. భర్త, రచయిత నైజెల్ నీల్, షూటింగ్ పనిమీద బయటికి వెళ్లేవారు. ఇంట్లో తల్లీ, మూడేళ్లు కూడా నిండని కూతురూ. నడకకు వెళ్లి వచ్చి, టీ తాగాక ఇక చేయడానికేమీ ఉండేది కాదు. ఎవరైనా వస్తే బాగుండునని ఇద్దరికీ ఉండేది. జూలో చూసిన పులి ఇద్దరికీ ఇష్టం. అదే వస్తే? రాత్రి పడుకునేముందు ఆ కథే కావాలని పాప పట్టుబట్టేది. చెప్పి చెప్పి నోటికొచ్చిన కథనే, పిల్లలు బడికి వెళ్లాక, కెర్ కాగితం మీద పెట్టారు. కొళాయిలో నీళ్లన్నీ పులి తాగేయడం నమ్మేలా లేదని ప్రచురణకర్తల వైపు నుంచి అభ్యంతరం వస్తే, ఆమె ఒప్పుకోలేదు. పులి పులేనని 2019లో చనిపోయేదాకా చెబుతూనే వచ్చారు.

2021లో, మహిళలపై హింసకు వ్యతిరేకంగా పనిచేసే స్కాట్లాండ్ సంస్థ జీరో టాలరెన్స్ మరో ప్రశ్న లేవనెత్తింది. నాన్నకు ఏం వండిపెట్టాలని అమ్మ దిగులుపడటం, ఆయన వచ్చి హోటలుకు తీసుకెళ్లడం పాతకాలపు మూసే కదా అని. అందులో నిజముంది. నిషేధించమని వాళ్లూ అడగలేదు.

కానీ ఆ గుమ్మంలో భయం ఉందనే మాటను బొమ్మలే ఒప్పుకోవు. పులి ఇంట్లోదంతా ఊడ్చి తింటుంటే సోఫీ దాన్ని ప్రేమగా కావలించుకుని ఉంటుంది. మర్నాడు తల్లీకూతుళ్లు బజారుకు వెళ్లి, అది మళ్లీ వస్తే ఉండాలని పులి తిండి పెద్ద డబ్బా ఒకటి కొని తెస్తారు.