ఎగ్జామ్‌కి రాని సముద్రం

చిరంజీవులైన తొమ్మిదో తరగతి పిల్లలకు ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో మీరు అడిగింది ఒకే ఒక్క ప్రశ్న. "టీచర్, శనివారం వచ్చే అక్క చెప్పే సముద్రం పాఠం ఎగ్జామ్‌కి వస్తుందా?" సముద్రం మీద రీసెర్చ్ చేస్తూ వారానికోసారి మీ బడికి వచ్చే ఆ అమ్మాయి పాఠం ఎగ్జామ్‌కి రాదు. "మరి ఎందుకు?" అని మీరు అనేలోపే నా ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోయింది. అందుకే మిగతాది ఉత్తరంలో రాస్తున్నాను.

నేను సముద్రాన్ని మొదటిసారి చూసింది పెళ్ళయ్యాక, విశాఖలో. అప్పటికే నాలుగేళ్ళుగా ఆటుపోట్ల పాఠం చెబుతున్నాను! మెదక్‌లో పుట్టి హైదరాబాద్‌లో ఉద్యోగం చేసినదానికి సముద్రం ఎక్కడ దొరుకుతుంది? హుస్సేన్‌సాగర్, హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ అంటూ మనకున్న సాగరాలన్నీ చెరువులే కదా.

2004 డిసెంబర్ 26 ఆదివారం. సోమవారం నేను క్లాసులోకి అడుగుపెట్టగానే పిల్లలందరూ ఒకటే గోల, సునామీ అంటే ఏంటి టీచర్ అని. టెక్స్ట్‌బుక్‌లో లేదు. తెలీదని చెప్పడానికి నామోషీ. "పెద్ద అల, తుపానులో వచ్చేలాంటిదే" అనేశాను. అది తప్పని ఆ వారంలోనే పేపర్లు చదివితే తెలిసింది. తుపాను అలను లేపేది గాలి. సునామీకి గాలితో పనే లేదు. సుమత్రా దగ్గర భూకంపం వచ్చి సముద్రపు అడుగు నేల కదిలితే, దానిమీద ఉన్న నీరంతా, అడుగు నుంచి పైదాకా, కదిలింది. నడిసముద్రంలో దాని ఎత్తు ఒక మీటరు కూడా ఉండకపోవచ్చు, పడవలో ఉన్నవాళ్ళకు తెలియను కూడా తెలియదు. వేగం మాత్రం విమానమంత. ఒడ్డు దగ్గర లోతు తగ్గేకొద్దీ వేగం తగ్గుతుంది, వెనక వచ్చే నీరు ముందున్న నీటి మీదికి తోసుకొచ్చి గోడలా లేస్తుంది. అది మన తూర్పు తీరానికి చేరడానికి సుమారు రెండు గంటలు పట్టింది. రెండు గంటల టైముంది, చెప్పేవాళ్ళే లేరు. ఇప్పుడు ఆ హెచ్చరిక ఇచ్చే కేంద్రం 2007 నుంచి మన హైదరాబాద్ ప్రగతినగర్‌లోనే, ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థలో ఉంది. సముద్రం లేని ఊళ్ళో కూర్చుని సముద్రానికి కాపలా కాస్తున్నారన్నమాట.

ఆ సోమవారం నా పక్కన సముద్రం గురించి చదువుతున్న మనిషి ఎవరైనా ఉంటే ఎంత బాగుండేదో అని చాలా రోజులు అనుకున్నాను. అలాంటి ఏర్పాటు అప్పటికే ఒకచోట ఉందని నాకు తెలీదు. అమెరికాలో పరిశోధనలకు డబ్బిచ్చే ప్రభుత్వ సంస్థ నేషనల్ సైన్స్ ఫౌండేషన్ 1999లో జీకే-12 అనే పథకం పెట్టింది. యూనివర్సిటీలో రీసెర్చ్ చేసే విద్యార్థులకు స్టైపెండ్ ఇచ్చి, వారంలో కొన్ని గంటలు బడికి పంపేవారు. శాన్ డియేగోలో స్క్రిప్స్ సముద్రశాస్త్ర సంస్థలో చదివేవాళ్ళు ఆ ఊరి హైస్కూల్ టీచర్లతో కలిసి పాఠాలు తయారుచేశారు. టీచర్‌ను తప్పించి కాదు, టీచర్‌తో కలిసి. ఆ పథకం ఇప్పుడు లేదు. అయినా దాని అసలు కిటుకు వినండి. అది పిల్లల కోసం మాత్రమే పెట్టింది కాదు. తమ పనిని మామూలు మనుషులకు అర్థమయ్యేలా చెప్పడం ఆ రీసెర్చ్ స్కాలర్లకు రావాలని కూడా. అంటే అక్క మీకు పాఠం చెబుతోంది, మీరు అక్కకు చెప్పడం నేర్పుతున్నారు.

మొదటి శనివారం అక్క లాప్‌టాప్ తెరిచి థర్మోక్లైన్ (లోతుతో నీటి వేడి గబుక్కున మారే పొర), హాలోక్లైన్ (ఉప్పదనం గబుక్కున మారే పొర) అంటుంటే వెనక బెంచీలు నిద్రపోయాయని మీ క్లాస్ టీచర్ చెప్పింది. పాపం, ఆ పిల్లకు ఎంత టెన్షనో. రెండోవారం ఏం చేసిందో చూశారుగా. గ్లాసులో సగం ఉప్పునీళ్ళు, అందులో సిరా. పైన స్పూన్ మీదుగా మంచినీళ్ళు మెల్లగా. రెండూ కలవలేదు. ఉప్పునీరు బరువు, మంచినీరు తేలిక. ఆ గ్లాసే మన బంగాళాఖాతం. గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి, కృష్ణ, వీటికి తోడు వానలు, ఇన్ని మంచినీళ్ళు వచ్చి పడితే పైపొర తేలికై, కింది చల్లటి నీటితో తొందరగా కలవదు. ఎండ వేడి పైనే నిలిచిపోతుంది. తుపానుకు బలమిచ్చేది ఆ వేడే. మీ మూసీ నీళ్ళు కూడా వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసి ఆ పైపొరలోకే చేరతాయి. అవి ఎలాంటి నీళ్ళో నన్ను అడగొద్దు, చాదర్‌ఘాట్ బ్రిడ్జి మీద ముక్కు మూసుకునేవాళ్ళకు నేను చెప్పాలా?

ఈ కబుర్లన్నిటిలో నాకు బాగా నచ్చింది ఇంకొకటి. మీలో ఎవరో "తుపాను వస్తే చేపలు ఎక్కడికి పోతాయి?" అని అడిగారట. అక్క "నాకు తెలీదు, వచ్చేవారం చెప్తా" అందట. ముప్పయ్యేళ్ళలో నేను ఆ మాట క్లాసులో ఎన్నిసార్లు అన్నానో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. తర్వాతి వారం అక్క నిజంగానే జవాబు వెతుక్కొచ్చింది. 2001లో ఫ్లోరిడాలో ఒక చిన్న అఖాతంలో సొరపిల్లలకు సిగ్నల్ పంపే పరికరాలు అమర్చి గమనిస్తుంటే, గేబ్రియెల్ తుపాను రాకముందే, గాలి పీడనం పడిపోతుండగానే, అవి లోతు నీళ్ళలోకి వెళ్ళిపోయాయట. తుపాను పోయాక మళ్ళీ వచ్చాయి. మన సముద్రంలో చేపల సంగతి ఇంకా వెతుకుతున్నానని కూడా చెప్పిందట చూడండి, అది మరీ నచ్చింది.

మొన్న మృగశిర కార్తెకు రాంనగర్ మార్కెట్‌కి వెళ్ళాను. కొర్రమీను కోసం ఒకటే తోపులాట. ఓ మూల వంజరం, చందువ ఐసు మీద పడున్నాయి. ఎక్కడివని అడిగితే "సముద్రంవి అమ్మా" అన్నాడు. ఏ సముద్రమయ్యా అంటే నవ్వాడు.

వచ్చే శనివారం నేనూ వస్తున్నాను. చివరి బెంచీలో కాస్త చోటు ఉంచండి. ఆ గ్లాసులో రెండు పొరలు ఎన్ని గంటలు అలాగే నిలుస్తాయో ఎవరైనా ఇంట్లో చూసి, టైము రాసి ఉంచండి. నా గ్లాసును మనవడు రాత్రి తాగేయబోయాడు, లెక్క తప్పింది.

మీ పాత సైన్స్ టీచర్