పలాసలో కొత్త సైట్, బొబ్బిలిలో పాత సైట్: డీఎన్ఎస్ మార్పును ఎలా చూసుకోవాలి?

పలాసలో జీడిపప్పు అమ్మే దుకాణం తన వెబ్‌సైట్‌ను కొత్త హోస్టింగ్‌కు మార్చిందనుకోండి. కాశీబుగ్గలో కొత్త సైట్ తెరుచుకుంటుంది, బొబ్బిలిలో కొనేవాళ్లకు పాతదే వస్తుంది. "48 గంటలు ఆగండి" అన్న సలహా ఎలాగూ వినిపిస్తుంది. చాలాసార్లు అంతసేపు అక్కర్లేదు. కొన్నిసార్లు వారం ఆగినా లాభం లేదు.

సైట్ పేరు (డొమైన్) అడిగితే అది ఉన్న సర్వర్ చిరునామా (ఐపీ) చెప్పేది డీఎన్ఎస్. అందులోని రికార్డు మార్చినప్పుడు ఆ సంగతి ఎవరూ ఊరూరా చాటరు. డొమైన్ రికార్డులు ఉండే అసలు నేమ్ సర్వర్లలో మాత్రమే అది మారుతుంది. ఇంటర్నెట్ కంపెనీ రిజాల్వర్ (మన తరఫున చిరునామా అడిగి తెచ్చే సర్వర్) అంతకుముందు తెచ్చుకున్న జవాబునే టీటీఎల్ (జవాబును ఎంతసేపు దాచుకోవచ్చో చెప్పే అంకె) గడువు తీరేదాకా అందరికీ ఇస్తుంది. 3600 సెకన్లంటే గంట, 86400 అంటే రోజు. ఊరితో పని లేదు, ఏ రిజాల్వర్‌ను అడుగుతున్నామన్నదే లెక్క. ఒకే ఇంట్లో ఫైబర్‌కు ఒక జవాబు, మొబైల్ డేటాకు ఇంకో జవాబు రావచ్చు.

ముందుగా అసలు నేమ్ సర్వర్లను ఒక్కొక్కటిగా అడగాలి. విండోస్‌లో అందుకు ఎన్ఎస్‌లుకప్ అనే కమాండ్ ఉంది. లినక్స్‌, మ్యాక్‌లలో డిగ్ మేలు, గడువు కూడా చూపిస్తుంది. ఆ సర్వర్లే తలోమాట చెబితే ఎదురుచూడటం దండగ. ఎస్ఓఏ (డొమైన్ మూల వివరాలుండే) రికార్డులో సీరియల్ నంబర్లు, అంటే మార్పు చేసినప్పుడల్లా పెంచాల్సిన అంకెలు, పోల్చండి. ఒకదానిలో 2025061402, రెండోదానిలో 2025061401 ఉండి, ఎంతకీ కలవకపోతే రెండోదానికి కొత్త జోన్ (డొమైన్ రికార్డుల ఫైలు) అందడం లేదు; ఆ ఫైలు వెళ్లే టీసీపీ 53 పోర్టును ఫైర్‌వాల్ ఆపుతోందేమో చూడాలి. నంబర్లు ఒకటే అయినా జవాబులు వేరైతే, ఫైలు మార్చినవాళ్లు సీరియల్ పెంచలేదన్నమాట.

అవన్నీ ఒకేమాట చెబితే అప్పుడు 8.8.8.8, 1.1.1.1, 9.9.9.9 అనే పబ్లిక్ రిజాల్వర్లను అడగండి. డిగ్ జవాబులో పేరు పక్కన ఉండే అంకె మిగిలిన గడువు. పాత ఐపీ పక్కన 2400 ఉండి, పది నిమిషాలకు 1800 అయిందంటే ఇంకో అరగంటలో అది పోతుంది. పెద్ద రిజాల్వర్ల వెనుక చాలా యంత్రాలుంటాయి కాబట్టి అంకె ఎగుడుదిగుడుగా కనిపించినా కంగారుపడొద్దు.

బ్రాడ్‌బ్యాండ్‌లో కొత్తది, ఫోన్లలోనే పాతది వస్తుంటే క్వాడ్-ఏ (ఐపీవీ6 చిరునామా ఉండే) రికార్డు చూడండి. చాలామంది 'ఏ' (ఐపీవీ4 చిరునామా ఉండే) రికార్డు మార్చి, ఐపీవీ6 చిరునామాను అలాగే వదిలేస్తారు. మొబైల్ నెట్‌వర్కులు ఎక్కువగా దాన్నే పట్టుకుంటాయి. ఇది ఆగితే తీరే సమస్య కాదు.

నేమ్ సర్వర్లనే మార్చితే మాత్రం ఓపిక పట్టాలి. డాట్‌కామ్ సర్వర్లు ఏ డొమైన్‌కు ఏ నేమ్ సర్వర్లన్న వివరాన్ని 172800 సెకన్ల గడువుతో ఇస్తాయి; 48 గంటల మాట అక్కడిదే. అన్నాళ్లూ పాత నేమ్ సర్వర్లలో కూడా కొత్త ఐపీనే ఉంచండి.

మార్పుకు కనీసం పాత గడువంత ముందే టీటీఎల్‌ను 300 సెకన్లకు తగ్గించాలి. కొత్త సబ్‌డొమైన్‌ను (అసలు పేరుకు ముందు మరో పేరు చేర్చినది) రికార్డు పెట్టకముందే తెరిచి చూడకండి: "లేదు" అన్న జవాబునూ రిజాల్వర్ ఎస్ఓఏలో రాసినంతసేపు దాచుకుంటుంది.