ఇంటీరియర్ డిజైన్ కోర్సులో స్టూడియో ప్రాజెక్టులు: అపోహలు - వాస్తవాలు

అపోహ: బొమ్మ బాగా గీయడం వస్తే చాలు.

వాస్తవం: నా మొదటి ఇంటి ప్రాజెక్టులో పడకగది ప్లాన్ కాగితం మీద ముచ్చటగా ఉంది. గోడ పొడవునా వార్డ్‌రోబ్, ఎదురుగా మంచం, మధ్యలో 400 మిల్లీమీటర్ల ఖాళీ. మా టీచర్ ఏమీ అనకుండా నేల మీద మాస్కింగ్ టేపుతో అవే కొలతలు అతికించి, "ఇక్కడ నిలబడి తలుపు తీయి" అన్నారు. వార్డ్‌రోబ్ తలుపు వెడల్పే 450, సగంలోనే మంచానికి తగిలి ఆగిపోతుంది, అప్పటికే నేను నిలబడటానికి చోటు లేక పక్కకి తిరిగి ఉన్నాను! ఇప్పటికీ ఏ ప్లాన్ అయినా ఒక్కసారి నేల మీద టేపు వేసి నడిచి చూశాకే ఖాయం చేస్తాను.

అపోహ: షాపు ప్రాజెక్టు అంటే ర్యాకులు అందంగా సర్దడం.

వాస్తవం: లోపలికి వచ్చిన మనిషి మొదటి నాలుగడుగుల్లో దేన్నీ సరిగా చూడడు, కళ్లు ఇంకా ఆ వెలుగుకి అలవాటు పడుతుంటాయి, అందుకే ముఖ్యమైన సరుకు గుమ్మంలోనే పెడితే దండగ. వీల్‌చైర్ తిరగాలంటే 1500 మిల్లీమీటర్ల వృత్తం ఖాళీగా ఉండాలి. స్టాకు ఎటు నుంచి వస్తుంది, బిల్లింగ్ దగ్గర క్యూ ఎక్కడ నిలబడుతుంది, ఇవన్నీ ప్లాన్‌లో కనబడాలి. ఇక లైటింగ్ సంగతి. బట్టల షాపు చేస్తుంటే ఒకే గుడ్డ ముక్కని 2700 కెల్విన్ బల్బు (పసుపు వెలుగు) కింద, 4000 కెల్విన్ బల్బు (తెల్లని వెలుగు) కింద, తర్వాత కిటికీ దగ్గర పట్టుకుని చూడండి, మూడు రంగుల్లో కనిపిస్తుంది. ట్రయల్ రూమ్‌కి సీఆర్ఐ (రంగుల్ని ఎంత సహజంగా చూపిస్తుందో చెప్పే, 100 వరకు ఉండే కొలత) 90 దాటిన లైట్లు ఎందుకు అడుగుతామో అప్పుడు అర్థమవుతుంది.

అపోహ: చిన్న వంటగదిలో డిజైన్ చేయడానికి ఏముంటుంది?

వాస్తవం: ఆస్ట్రియా ఆర్కిటెక్ట్ మార్గరెటె షూటె-లిహోట్స్కీ 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ గృహసముదాయాల కోసం రూపొందించిన వంటగది సుమారు 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు, అంతే. వంట చేసే మనిషి ఎన్ని అడుగులు వేస్తుంది, ఏ పనికి ఎంతసేపు పడుతుంది అని లెక్కగట్టి ఆ కొలతలకి వచ్చారు. చిన్న గది ఇస్తే నిరుత్సాహపడకండి, నన్నడిగితే అన్నిటికన్నా ఎక్కువ నేర్పేది అదే.

అపోహ: రెండర్ (కంప్యూటర్‌లో తీసిన గది బొమ్మ) బాగుంటే జ్యూరీ (ప్రాజెక్టుని పరీక్షించే ప్యానెల్) గట్టెక్కినట్టే.

వాస్తవం: సాఫ్ట్‌వేర్‌లో కెమెరాని గోడ వెనక పెట్టి, వైడ్ లెన్స్ వాడితే ఏ గదైనా హాలులా కనిపిస్తుంది. అనుభవం ఉన్నవాళ్లు ముందు సెక్షన్ డ్రాయింగే (గదిని నిలువుగా కోసినట్టు చూపే బొమ్మ) అడుగుతారు. కెమెరాని గది లోపలే, కంటి ఎత్తులో, అంటే ఒకటిన్నర మీటర్ల దగ్గర పెట్టండి. ఇరుకు కనిపిస్తే ప్లాన్ మార్చండి, లెన్స్ కాదు.