"వాళ్ళ వంశంలోనే ఉందట": మానసిక జబ్బులు, జన్యువుల గురించి అపోహలు - వాస్తవాలు

సైకియాట్రీ ఓపీలో కొత్త కేస్ షీట్ రాసేటప్పుడు కుటుంబ వృక్షం గీస్తాం. మగవాళ్ళకి చదరం, ఆడవాళ్ళకి గుండ్రం, జబ్బు ఉన్నవాళ్ళ గుర్తును నల్లగా నింపుతాం. "ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉండేదా?" అని అడగ్గానే వచ్చే జవాబు "అబ్బే, మా వైపు ఎవరికీ లేదండి" అని. కాసేపు మాట్లాడాక అమ్మమ్మలు నోరు విప్పుతారు. పెద్దమామయ్య నెలల తరబడి గదిలోంచి బయటికి వచ్చేవాడు కాదని, పిన్ని బాలింతగా ఉన్నప్పుడు నిద్రపోకుండా ఏదేదో మాట్లాడితే గుడికి తీసుకెళ్ళారని. సంబంధాలు తప్పిపోతాయని దాచుకున్న సంగతులివి. ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ దాని వెనకున్న నమ్మకాల్లో చాలా వాటికి ఆధారం లేదు.

అపోహ: తల్లికో తండ్రికో ఉంటే పిల్లలకి వచ్చి తీరుతుంది.

వాస్తవం: స్కిజోఫ్రీనియానే తీసుకోండి (లేని మాటలు వినిపించడం, లేనిపోని అనుమానాలు లాంటి లక్షణాలుండే జబ్బు). మామూలు జనంలో ఇది నూటికి ఒకరికి రావచ్చు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ఆ అవకాశం నూటికి పది దాకా పెరుగుతుంది. పెరగడం నిజమే, కానీ మిగతా తొంభై మందికి రాదు. జన్యువులన్నీ ఒకటే అయిన కవలల్లో ఒకరికి జబ్బు ఉన్నా, రెండోవారికి రాని సందర్భాలే ఎక్కువ.

అపోహ: మా వంశంలో ఎవరికీ లేదు, కాబట్టి మా వాడిది జబ్బు కాదు.

వాస్తవం: స్కిజోఫ్రీనియా వచ్చినవాళ్ళలో ఎక్కువమందికి తల్లిదండ్రుల్లో గానీ, తోబుట్టువుల్లో గానీ ఆ జబ్బు ఉండదు. లక్షణాలు చూసి తీసుకురండి, వంశం చూసి ఆగిపోకండి.

అపోహ: డిప్రెషన్‌కి ఒక జీన్ (జన్యువు) ఉంటుంది, టెస్ట్ చేయిస్తే తెలిసిపోతుంది.

వాస్తవం: ఒకప్పుడు శాస్త్రవేత్తలు కూడా అలాంటి జీన్ కోసం ఆశగా వెతికారు. న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో చిన్నప్పటి నుంచి గమనిస్తూ వచ్చినవాళ్ళ మీద 2003లో ఒక పరిశోధన వెలువడింది. మెదడులోని సెరటోనిన్ అనే రసాయనానికి సంబంధించిన ఒక జన్యువులో పొట్టి రకం ఉన్నవాళ్ళు కష్టాలొచ్చినప్పుడు త్వరగా కుంగిపోతారని అది చెప్పింది. పత్రికలన్నీ రాశాయి. అప్పటిదాకా వచ్చిన పలు అధ్యయనాలను 2009లో కలిపి చూస్తే ఆ సంబంధం నిలబడలేదు. 2019లో లక్షల మంది సమాచారంతో, డిప్రెషన్‌కి ముడిపెట్టిన 18 పేరున్న జన్యువులను పరీక్షించారు. ఏదీ నిలవలేదు.

ఇప్పుడు మనకి తెలిసింది ఇది: వేల జన్యు తేడాలు ఒక్కొక్కటి ఇసుమంత ప్రభావం చూపుతాయి. 2022లో స్కిజోఫ్రీనియాకి సంబంధించి జన్యుపటంలో 287 చోట్లను గుర్తించారు. వాటిలో ఏ ఒక్కటీ ఒంటరిగా జబ్బు తెచ్చేది కాదు. పైగా ఈ సమాచారంలో ఎక్కువ భాగం యూరప్ మూలాలున్నవాళ్ళది, మన వాళ్ళకి అంత సరిగ్గా వర్తించదు. అందుకే ఆన్‌లైన్‌లో ఉమ్మిచ్చి చేయించుకునే టెస్టులు చూపించి "నాకు డిప్రెషన్ రిస్క్ ఎంత?" అని అడిగేవాళ్ళకి, ఆ కాగితం మీద నమ్మకం పెట్టుకోవద్దని చెబుతాను.

అపోహ: తట్టుకునే శక్తి పుట్టుకతోనే రావాలి. వాడిది మొదటి నుంచీ పిరికి గుండె.

వాస్తవం: స్వభావంలో జన్యువుల పాత్ర తక్కువేం కాదు. కోటీ నలభై లక్షలకు పైగా కవల జంటల లెక్కలను 2015లో క్రోడీకరిస్తే, మనుషుల మధ్య తేడాల్లో సగటున 49 శాతం జన్యువుల వల్ల అని తేలింది. డిప్రెషన్‌కి ఇది సుమారు 37 శాతం. దీన్ని చాలామంది పొరపాటుగా చదువుతారు. "నా బాధలో 37 శాతం మా నాన్నది" అని కాదు దాని అర్థం. అది జనసమూహంలోని తేడాల లెక్క, ఒక్క మనిషిని అలా ముక్కలు చేయలేం.

మిగిలిన సగం ఎంత బలమైనదో రెండు అధ్యయనాలు చూపించాయి. హవాయి దీవుల్లోని కవాయిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను దశాబ్దాల పాటు గమనించారు. పేదరికం, తాగుబోతు తండ్రి, తల్లి మానసిక జబ్బు లాంటి కష్టాల మధ్య పెరిగినవాళ్ళలో మూడోవంతు మంది నిబ్బరంగా ఎదిగారు. వాళ్ళకి దొరికిన వాటిలో ముఖ్యమైనది, తమని పట్టించుకున్న ఒక్క పెద్ద మనిషైనా ఉండటం. ఫిన్లాండ్‌లో స్కిజోఫ్రీనియా ఉన్న తల్లులకు పుట్టి దత్తతకు వెళ్ళిన పిల్లల్లో, కలతలున్న ఇళ్ళలో పెరిగినవాళ్ళకే జబ్బు ఎక్కువగా వచ్చింది. సఖ్యంగా ఉన్న ఇళ్ళలో పెరిగినవాళ్ళలో బాగా తక్కువ. కంగారుపడే పిల్లాణ్ణి "మీ బాబాయి లాగే తయారవుతున్నావ్" అని రోజూ అనే ఇంట్లోవాళ్ళు దీన్ని కాస్త ఆలోచించాలి.

అపోహ: పుట్టుకతో వచ్చిందైతే మందులకి తగ్గదు.

వాస్తవం: మేం చూసే జబ్బుల్లో జన్యు ప్రభావం బాగా ఎక్కువున్న వాటిలో బైపోలార్ (కొన్నాళ్ళు కుంగుబాటు, కొన్నాళ్ళు మితిమీరిన హుషారు అంటే ఉన్మాదం వచ్చే జబ్బు) ఒకటి. దానికే లిథియం అనే మందు ఎంతోమందికి ఏళ్ళ తరబడి చక్కగా పనిచేస్తోంది.

అపోహ: ఇంటి గుట్టు డాక్టరుకి చెప్పనక్కర్లేదు.

వాస్తవం: చెప్పకపోతేనే ప్రమాదం. డిప్రెషన్‌తో వచ్చిన కుర్రాడి తండ్రికి బైపోలార్ ఉందని తెలిస్తే మందు ఎంపికే మారిపోతుంది. అతనికి ఉత్త డిప్రెషన్ మందు ఒక్కటే ఇస్తే ఉన్మాదం వైపు తిరగవచ్చు. దగ్గరి రక్తసంబంధీకులకి లిథియం బాగా పనిచేసి ఉంటే, అదీ మాకు పనికొచ్చే కబురే. ఇంట్లో సైకోసిస్ (స్కిజోఫ్రీనియాలో లాగా నిజమేదో, భ్రమేదో తెలియని స్థితి) ఉన్నవాళ్ళ పిల్లలు గంజాయి జోలికి అసలు పోకూడదు, ముఖ్యంగా ఇంటర్, ఇంజనీరింగ్ వయసులో. తల్లికో అక్కకో బైపోలార్ ఉన్న అమ్మాయికి కాన్పయితే మొదటి రెండు మూడు వారాలు రాత్రి నిద్ర ఎలా ఉందో గమనించండి. బిడ్డ పడుకున్నా తను పడుకోకుండా, మాట తీరు మారితే, "పచ్చి బాలింత కదా" అని ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఎక్కడికి వెళ్ళాలో తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.