బెండు మునిగిందా?

చిరంజీవులు చిన్నారికి, బాబ్జీకి తాతయ్య ఆశీస్సులు.

చిన్నారీ, సంక్రాంతికి మీరు ఇక్కడున్నప్పుడు సిగ్నల్ అందక, భాషలు నేర్పే ఆ ఆప్‌లో ఒక్క రోజూ మానకుండా పెంచుకున్న నీ 83 రోజుల వరస, అదే నీ స్ట్రీక్, తెగిపోయింది. "నేర్చుకున్న మాటలన్నీ గుర్తున్నాయి తాతయ్యా, మరి ఏడుపెందుకొచ్చింది?" అని అడిగావు. నేను నీ చేతిలో అరిసె పెట్టి మాట మార్చేశాను. అప్పట్నుంచీ అదే ఆలోచన.

నీ ఈడులో నాకు గాలం పిచ్చి. వెదురు కర్ర, జీలుగు బెండు, కొబ్బరి చిప్పలో కాస్త మట్టీ ఎర్రలూ. పొద్దున్నే పంటకాలువ గట్టున కూర్చుంటే, అన్నానికి అమ్మ ఎన్ని కేకలేసినా లేచేవాణ్ణి కాదు. బెండు కదిలితే గుండె ఝల్లుమనేది. తీరా లాగితే చాలాసార్లు ఉత్త చేదుపరిగె, ఎప్పుడో ఒక జెల్ల. ఒకే ఒక్కసారి మూరెడు కొర్రమీను! దాని కథ మీ నాన్నకి కంఠతా వచ్చు, అడగండి.

వేసినప్పుడల్లా చేప పడితే కూరకి సరిపడా పట్టుకుని ఇంటికి పోయేవాణ్ణి. అసలు పడకపోతే గోళీలాటకి పోయేవాణ్ణి. ఎప్పుడు పడుతుందో తెలియకపోవడమే నన్ను అక్కడ కట్టేసింది. అమెరికాలో స్కిన్నర్ అనే ఆయన పావురాలతో ఇదే చూశాడు. అవి ముక్కుతో బిళ్ళని పొడిస్తే గింజలొస్తాయి. ఎన్నో పోటుకి వస్తాయో తెలియకుండా పెడితే, గింజలు ఆపేశాక కూడా చాలాసేపు పొడుస్తూనే ఉంటాయి. నేనూ పావురాన్నే, కాకపోతే చొక్కా ఉండేది.

కొత్తవేమైనా వచ్చాయేమోనని తెరని బొటనవేలితో కిందికి లాగి వదిలితే చిన్న చక్రం తిరుగుతుంది చూశారా? లోరెన్ బ్రిక్టర్ అనే కుర్రాడు ట్విటర్ చదువుకునే ఆప్‌లో పెట్టాడు దాన్ని. మేమూ అంతే. బెండు మునగకపోయినా ఊరికే గాలం ఎత్తి చూసేవాళ్ళం. ఎర్ర అలాగే ఉండేది. మళ్ళీ వేసేవాళ్ళం.

చివరికి మమ్మల్ని ఇంటికి పంపింది చీకటి. బెండు కనబడకపోతే ఇంకేం కూర్చుంటాం? నెట్‌లోనూ ఒకప్పుడు పేజీ అడుగున 'తర్వాతి పేజీ' అనే మీట ఉండేది. అదే మునిమాపు. 2006లో ఏజా రాస్కిన్ అనే డిజైనర్ ఆ మీట అక్కర్లేకుండా, కిందికి పోయేకొద్దీ కొత్తవి వాటంతటవే వచ్చేలా చేశాడు. మనకి శ్రమ తగ్గిద్దామనే చేశాడు, తర్వాత తనే నొచ్చుకున్నాడు. అలా పొద్దుగూకని కాలువ గట్టు తయారైంది.

ఇంతకీ ఇందులో చేప ఎవరు, గాలం ఎవరిది? నా పోలిక ఇక్కడ తిరగబడుతోంది, వదిలేస్తున్నాను.

ఇక నీ 83. "ఇంతసేపు కూర్చున్నాక ఇప్పుడు లేస్తే అంతా దండగేగా" అని గట్టు మీద ఎన్నిసార్లు అనుకున్నానో! నా గంటల్ని కాలువ లెక్కపెట్టలేదు, నీ రోజుల్ని ఆప్ లెక్కపెట్టి రోజూ చూపించింది. రెండో కొర్రమీను గట్టుదాకా వచ్చి జారిపోయిన రోజు నేనూ ఏడ్చాను తల్లీ. అది నా బుట్టలో పడనే లేదు, అయినా పోయినట్టే అనిపించింది. ఎందుకో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను.

ఆదివారం ఇద్దరూ కూర్చుని, మీరు వాడే ఆప్‌లు ఒక్కొక్కటే తెరవండి. 'ఇవాళ్టికి ఇంతే' అని చెప్పే చోటు ఎక్కడైనా ఉందేమో వెతకండి. బాబ్జీ నోటుపుస్తకంలో రాయాలి. ఆ కాగితం పోస్టులోనే పంపండి. మా పోస్టుమాన్ ఏ రోజు వస్తాడో తెలియదు, అందుకని రోజూ గేటు దగ్గరే నిలబడుతున్నాను.

మీ తాతయ్య