పాత ఇల్లు కొంటున్నారా? బయానా ఇచ్చేముందే వేసుకోవాల్సిన లెక్కలు (అపోహలు - వాస్తవాలు)

విజయవాడలో ఇరవై ఏళ్లకు పైగా ఇళ్ల రిపేర్ల పని చేస్తున్నాను. కొత్త ఇళ్లు కట్టింది తక్కువ. సత్యనారాయణపురం, గాంధీనగర్, సూర్యారావుపేట వైపు ముప్పై నలభై ఏళ్ల నాటి ఇళ్లను మళ్లీ కాపురానికి పనికొచ్చేలా చేయడమే నా పని. నాకు ఫోన్ చేసేవాళ్లలో ఎక్కువమంది రిజిస్ట్రేషన్ అయిపోయి, తాళాలు చేతికొచ్చాకే చేస్తారు. "ఇల్లు కొన్నామండీ, ఓ ఏడు లక్షల్లో బాగుచేసి పెట్టాలి" అంటారు. ఆ ఏడు లక్షలు ఇంటిని చూసి వేసిన లెక్క కాదు. కొన్నాక చేతిలో మిగిలింది అంతే, కాబట్టి బడ్జెట్ కూడా అంతే.

అందరి నోటా దాదాపు అవే మాటలు వింటుంటాను. వాటినే ఒక్కొక్కటిగా చెబుతాను.

అపోహ: "స్థలం ధరకే వస్తోంది. ఇల్లు ఊరికే వచ్చినట్టు."

వాస్తవం: బాగుచేయడానికి పనికొచ్చే ఇల్లయితే ఇది నిజమే, మంచి బేరమే. పనికిరానిదైతే ఆ ఇల్లు మీకు ఎదురు ఖర్చు. కూల్చడానికి డబ్బు, శిథిలాలు ఎత్తి ట్రాక్టర్లలో పంపడానికి డబ్బు. సందులోకి ట్రాక్టరు రాకపోతే ఆటో ట్రాలీల్లో మోయించాలి, కూలీ రెట్టింపవుతుంది.

"నచ్చకపోతే పడగొట్టి కట్టుకుంటాం" అనేవాళ్లు ఇంకో సంగతి మర్చిపోతారు. పాత ఇళ్లు చాలావరకు పక్కింటి గోడకు ఆనించి, రోడ్డు అంచు దాకా కట్టినవి. పడగొడితే కొత్త ప్లానుకి ఇప్పటి నిబంధనలే వర్తిస్తాయి. చుట్టూ ఖాళీ వదలాలి. మాస్టర్ ప్లాన్‌లో ఆ రోడ్డు వెడల్పు పెరగాల్సి ఉంటే ముందుభాగం కూడా పోతుంది. నూట ఇరవై గజాల స్థలంలో అదంతా పోగా మిగిలేది చూసి ఉసూరుమన్నవాళ్లు నాకు తెలుసు. అందుకే బయానా ఇచ్చేముందు లైసెన్సు ఉన్న సర్వేయరుతోనో ఇంజినీరుతోనో "ఇక్కడ కొత్తగా కడితే ఎంత కట్టొచ్చు" అని అడిగి రాయించుకోండి. కూల్చే ఆలోచన లేకపోయినా సరే, ఆ సమాధానం చేతిలో ఉంటే బేరం వేరేలా నడుస్తుంది.

అపోహ: "ఎనభై లక్షల ఇల్లు, బ్యాంకు ఎనభై శాతం ఇస్తుంది. మనం పదహారు లక్షలు పెట్టుకుంటే చాలు."

వాస్తవం: ఈ లెక్కలో రెండు చిల్లులున్నాయి. కాగితం మీద వేసి చూద్దాం.

రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 30 లక్షలు దాటి 75 లక్షల లోపు ఉండే గృహరుణాలకు ఇంటి విలువలో 80 శాతం మించి ఇవ్వకూడదు. అది పైహద్దు మాత్రమే, బ్యాంకు అంతకన్నా తక్కువే ఇవ్వొచ్చు. ఆ ఇంటి విలువ ఎంతో తేల్చేది మీరూ అమ్మేవాళ్లూ కుదుర్చుకున్న బేరం కాదు, బ్యాంకు పంపే ఇంజినీరు. పాత ఇంటికి ఆయన కట్టడం వయసు చూస్తాడు, ఇంకా ఎన్నేళ్లు నిలుస్తుందో చూస్తాడు. ఇరవై ఏళ్ల లోను అడుగుతుంటే ఇల్లు అంతకాలం ఉండాలి కదా. ఆయన 72 లక్షలని రాశాడనుకోండి. 80 శాతం అంటే 57 లక్షల 60 వేలు. మీరు అనుకున్నది 64 లక్షలు. ఆరు లక్షల నలభై వేలు అక్కడే జారిపోయాయి.

రెండోది రిజిస్ట్రేషన్. ఆంధ్రప్రదేశ్‌లో స్టాంపు డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం, మొత్తం ఏడున్నర. ఎనభై లక్షల మీద ఆరు లక్షలు. తెలంగాణలో విడివిడి శాతాలు వేరైనా మొత్తం అదే ఏడున్నర. దస్తావేజులో రాసిన ధర, ప్రభుత్వ మార్కెట్ విలువ, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దాని మీద కట్టాలి. ఈ డబ్బును బ్యాంకు ఇంటి విలువలో కలపదు, అంటే పూర్తిగా మీ జేబులోంచే.

కాబట్టి మీరు తేవాల్సింది పదహారు కాదు, 28 లక్షల 40 వేలు. ఇంకా ఒక్క ఇటుక కూడా కదపలేదు.

పనిలో పనిగా ఇంకో రెండు మాటలు. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే అమ్మేవాళ్లకు ఇచ్చే డబ్బులోంచి ఒక శాతం టీడీఎస్ మీరు పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలి. ఇది అదనపు ఖర్చు కాదు గానీ, పట్టుకోవడం మర్చిపోతే ఆ భారం మీ మీద పడుతుంది. అమ్మేవాళ్లు విదేశాల్లో స్థిరపడ్డ ఎన్నారైలైతే శాతం చాలా పెరుగుతుంది, లెక్కా మారుతుంది. అమెరికాలో ఉన్న పిల్లలు అమ్మానాన్నల ఇల్లు అమ్మడం మా దగ్గర ఇప్పుడు మామూలే కాబట్టి, ఆడిటర్‌ని అడగకుండా అడ్వాన్సు ఇవ్వకండి. ఇక ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్. ఆన్‌లైన్లో 1983 నుంచే దొరుకుతుంది. ఇల్లు అంతకన్నా పాతదైతే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పాత పుస్తకాలు వెతికించాలి. లాయరు ఫీజు దగ్గర మిగుల్చుకోవాలని చూడకండి.

అపోహ: "గోడలు బాగానే ఉన్నాయి. రంగులేసి టైల్స్ మారిస్తే కొత్త ఇల్లే."

వాస్తవం: అమ్మేవాళ్లు కూడా సరిగ్గా ఇదే అనుకుని, మీరు చూడ్డానికి వచ్చే నెల ముందు రంగులు వేయిస్తారు. కొత్త రంగు వాసన వస్తున్న పాత ఇంటిని నేను రెండుసార్లు చూస్తాను, అందులో ఒకసారి వానాకాలంలో.

మొదట చూడాల్సింది చెమ్మ. విజయవాడలో దీనికి ఒక ప్రత్యేక కారణం ఉంది. రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాన్ని తవ్వకుండా మీదే వేస్తూ పోయారు. ఒకప్పుడు మూడు మెట్లెక్కి వెళ్లిన ఇంట్లోకి ఇప్పుడు ఒక మెట్టు దిగి వెళ్తున్నాం. వాననీళ్లు లోపలికే వస్తాయి. నేలలోని తడి గోడల్లోకి పాకి, రెండు మూడడుగుల ఎత్తు దాకా ఉప్పు పట్టి రంగు పొక్కులు లేస్తుంది. దాని మీద పుట్టీ పెట్టి రంగేస్తే ఒక్క వానాకాలం ఆగుతుంది.

"అయితే గచ్చు ఎత్తు లేపండి" అంటారు. లేపుతాం. అడుగున్నర లేపితే ఏమవుతుందో వరసగా చూడండి: గుమ్మాలు పొట్టివవుతాయి, కాబట్టి ద్వారబంధాలు తీసి పైకి జరపాలి. కిటికీలు మోకాళ్ల దగ్గరికొస్తాయి. బాత్రూమ్ నేల, డ్రైనేజీ పైపుల వాలు మళ్లీ చేయాలి. వంటగట్టు పడగొట్టాలి. ఫ్యాను తలకు దగ్గరవుతుంది. గచ్చు పని అని రాసుకున్న ఒక్క లైను ఆరు లైన్లవుతుంది. జాకీలు పెట్టి ఇంటినే లేపించేవాళ్లూ ఉన్నారు. ఆ పని జరుగుతుంది, నేను చూశాను కూడా. కానీ లేపే కంపెనీ చెప్పే రేటు లేపడానికి మాత్రమే. కింద నింపుడు, కొత్త గచ్చు, పైపులు, మెట్లు, పగుళ్లు పూడ్చడం అన్నీ మీవే.

సింగ్ నగర్, పాయకాపురం వైపు కొనేవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు, 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు ఎంత ఎత్తున నిలిచాయో పక్కింటివాళ్లు గోడ మీద చేయి పెట్టి చూపిస్తారు. ఆ ఎత్తుకి పైన స్విచ్ బోర్డులున్నాయా, తలుపుల అడుగు చెక్క ఉబ్బిందా అన్నవి చూసుకోండి.

రెండోది స్లాబు. కింద నిలబడి పైకి చూస్తే పెచ్చులూడిన చోట్లు కనిపిస్తాయి. కనిపించని చోట్ల చిన్న సుత్తితో తట్టాలి. డొల్ల శబ్దం వస్తే లోపల చువ్వ తుప్పుపట్టి ఉబ్బి, కాంక్రీటును కిందికి నెడుతోందన్నమాట. దానికి సిమెంటు పూత వేస్తే పూతా ఊడుతుంది, మీ డబ్బూ ఊడుతుంది. వదులైనదంతా కొట్టి, చువ్వల తుప్పు బ్రష్‌తో గీకి, తుప్పు నిరోధక పూత వేసి, పాలిమర్ కలిపిన మసాలాతో నింపాలి. చువ్వ మరీ సన్నబడితే పక్కన కొత్తది కట్టాలి. సగానికి మించి డొల్ల పలికితే స్ట్రక్చరల్ ఇంజినీరుని పిలవండి. రీబౌండ్ హ్యామర్, అల్ట్రాసోనిక్ లాంటి పరీక్షలు స్లాబును పగలగొట్టకుండానే చేస్తారు. ఈ పరీక్షల ఖర్చు కొనేముందే పెట్టాలి. కొన్నాక తెలిస్తే బేరం ఆడటానికి ఎవరూ ఉండరు.

మూడోది డాబా మీద వేసిన పొరలు. కారిన ప్రతిసారీ పైన ఒక పొర వేయించిన ఇళ్లు చూశాను. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద రెండంగుళాల మందం వేస్తే పది పదకొండు టన్నుల బరువు. అలాంటి పొరలు మూడుంటే ఆ స్లాబు ఏం మోస్తోందో ఆలోచించండి. కొత్త పొర వేయడానికి ముందు పాతవి తీయాలి, తీసిన శిథిలాలు దించాలి. అది మీ బడ్జెట్‌లో ఉందా?

అపోహ: "చదరపు అడుగుకి ఎంతవుతుందో చెప్పండి, చాలు."

వాస్తవం: కొత్త ఇంటికి చెప్పగలను. పాత ఇంటికి అలా చెప్పేవాడు తర్వాత "ఎక్స్‌ట్రా" అని రాస్తాడు, లేదా పనిలో కోత పెడతాడు.

నేనూ ఒకసారి దెబ్బతిన్నాను. మొదట్లో ఒక డాబా ఇంటిని పైపైన చూసి గంపగుత్త రేటు చెప్పాను. బాత్రూమ్ గచ్చు తవ్వితే పాత మట్టి పైపులు ముక్కలై, నీళ్లు ఏళ్ల తరబడి పునాది పక్కకే పోతున్నాయి. మాటిచ్చాను కాబట్టి చేశాను, లాభం సంగతి వదిలేయండి. అప్పట్నుంచీ రెండు చోట్ల గచ్చు, ఒకచోట గోడ తెరిచి చూడకుండా రేటు చెప్పను. ఒప్పుకోని పార్టీని వదులుకుంటాను.

మీరు అడగాల్సింది పనివారీ కొటేషన్. ఏ పని, ఎంత కొలత, ఏ రేటు, సామాను ఎవరిది, జీఎస్టీ కలిపారా లేదా, శిథిలాలు ఎవరు ఎత్తిపోయాలి. దాని మొత్తం మీద ఇరవై శాతం పక్కన పెట్టండి. ఇది నా అనుభవంలో సరిపోయిన అంకె. మిద్దె ఇళ్లకీ, మద్రాసు టెర్రస్‌కీ (చెక్క దూలాల మీద ఇటుకలు పేర్చి వేసిన పాతకాలపు కప్పు) ఇంకాస్త పెట్టమంటాను, ఎందుకంటే దూలం చివర గోడలో దాక్కుని ఉంటుంది, చెద తినేది అక్కడే.

బిల్లులన్నీ దాచండి. ఎప్పుడైనా అమ్మితే, లాభం మీద పన్ను లెక్కలో ఇంటిని మెరుగుపరచడానికి పెట్టిన ఖర్చు చూపించుకోవచ్చు. బిల్లు లేకపోతే అది పెట్టనట్టే లెక్క.

అపోహ: "పాతకాలం కట్టుబడి, రాయిలా ఉంటుంది."

వాస్తవం: సగం నిజం. గానుగ సున్నంతో కట్టిన తొమ్మిది, పదమూడు అంగుళాల గోడలు నిజంగానే గట్టివి. వాటిని చెడగొట్టేది మనమే. సున్నం గోడ చెమ్మను బయటికి వదులుతుంది, దాని మీద గట్టి సిమెంటు ప్లాస్టరింగ్ చేస్తే తడి లోపలే చిక్కుకుని పక్క గదిలో తేలుతుంది. సున్నం పని తెలిసిన మేస్త్రీలు తక్కువ, కూలీ ఎక్కువ. ఆ తేడా రాసుకోండి.

అపోహ: "మధ్య గోడ తీసేస్తే హాలు పెద్దదవుతుంది. తర్వాత పైన ఇంకో అంతస్తు వేద్దాం."

వాస్తవం: పిల్లర్లు లేని ఇంట్లో గోడలే స్లాబును మోస్తాయి. తొమ్మిదంగుళాల గోడ తీయాలంటే కింద సపోర్టులు పెట్టి, ఇనుప బీము దూర్చి, దాని రెండు చివర్లకు ఆధారం కట్టాలి. నాలుగున్నర అంగుళాల గోడ కూడా అన్నిసార్లూ అడ్డుగోడ కాదు, దాని మీద అటక స్లాబు కూర్చుని ఉండొచ్చు. పై అంతస్తు మాట పునాది తవ్వి చూశాకే. ప్లాను అనుమతి మరో ఖర్చు.

అపోహ: "లైట్లు వెలుగుతున్నాయిగా, వైరింగ్ ఎందుకు?"

వాస్తవం: ఆ వైర్లు వేసినప్పుడు ఇంట్లో నాలుగు ట్యూబులైట్లు, మూడు ఫ్యాన్లు. ఇప్పుడు మీరు రెండు ఏసీలు, గీజరు, ఇండక్షన్ పొయ్యి పెడతారు. ఏసీకి 4 చదరపు మిల్లీమీటర్ల వైరు, పవర్ ప్లగ్గులకు 2.5, లైట్లకు 1.5, కొత్త ఎర్తింగ్, షాక్ కొట్టే పరిస్థితి వస్తే కరెంటు ఆపేసే 30 మిల్లీ యాంపియర్ల ఆర్సీసీబీ స్విచ్చు: ఇందులో ఏదీ విలాసం కాదు. మీటరు మీద ఒక కిలోవాటు లోడే ఉంటే కరెంటాఫీసులో పెంచుకోవడానికీ డబ్బు కట్టాలి. ప్లాస్టరింగ్‌కి ముందే ఈ పని. రంగులయ్యాక గోడలు కోయించిన ఇంట్లో ఆ ఇల్లాలి ముఖం చూడలేకపోయాను.

అపోహ: "టేకు తలుపులు అమ్మితే చాలా ఖర్చు తేలిపోతుంది."

వాస్తవం: పాత సామాను కొనేవాడు చెప్పే ధరకీ, అదే చెక్క మీరు టింబర్ డిపోలో కొనే ధరకీ పొంతన ఉండదు. అమ్మకండి. రంగు గీకించి పాలిష్ పట్టించి వాడుకోండి.

అపోహ: "మూడు నెలల్లో దిగిపోతాం."

వాస్తవం: స్లాబు పనీ, గచ్చు లేపడమూ ఉన్న ఇంటికి నేను ఆరు నెలలు అడుగుతాను. వానలు పడితే ఏడు. అన్నాళ్లూ మీరు కట్టేది లోను ఈఎంఐ, ఇప్పుడుంటున్న ఇంటి అద్దె, రెండూనూ. అద్దె పదిహేను వేలైతే ఆరు నెలలకు తొంభై వేలు. ఆ అంకె చూసి చాలామంది "ఒక గదిలో సర్దుకుంటాం, మిగతా పని చేయండి" అంటారు. మనుషులున్న ఇంట్లో పని నెమ్మదిగా సాగుతుంది, దుమ్ముకి పెద్దవాళ్లకు ఆయాసం వస్తుంది, సామాను ఈ గదిలోంచి ఆ గదిలోకి మోయడానికే రోజుకో పూట పోతుంది. ఆ పూట కూలీ కూడా నా బిల్లులో ఉంటుంది, ముందే చెబుతున్నాను.