ఆడవాళ్ల అధిక బరువు: మన ఇళ్లలో వినిపించే అపోహలు, అసలు సంగతులు

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల మహిళల్లో బీఎంఐ (కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే అంకె) 25 గానీ, అంతకు మించి గానీ ఉన్నవాళ్లు దేశం మొత్తమ్మీద 24 శాతం. తెలంగాణలో 30.1 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం. అదే సర్వేలో రక్తహీనత ఉన్న మహిళలు తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. ఈ అంకెలను పక్కపక్కన పెట్టుకుని చూడాలి. మన దగ్గర ఒళ్లు చేసిన మహిళల్లో చాలామంది కంచంలో అన్నం ఎక్కువ, పప్పూ గుడ్డూ ఆకుకూరా తక్కువ. తిండిపోతుతనం, బద్ధకం అని వాళ్లను దెప్పేవాళ్లకు ఈ సంగతి తెలియదు.

అపోహ: ఇది డబ్బున్నవాళ్లకు, పట్నంవాళ్లకు వచ్చే జబ్బు.

1985 నుంచి 2017 వరకు ప్రపంచవ్యాప్తంగా సగటు బీఎంఐలో వచ్చిన పెరుగుదలలో 55 శాతానికి పైగా పల్లెల నుంచే వచ్చింది. కారణాలు మన ఊళ్లలోనే కనిపిస్తాయి. రోలు, రోకలి పోయి మిక్సీ, గ్రైండర్ వచ్చాయి. బిందెలతో నీళ్లు మోసే పని తగ్గింది, కోతలు యంత్రాల చేతికి వెళ్లాయి. ఒంటి చాకిరీ తగ్గడం మంచిదే, ఎవరూ వద్దనరు. కానీ చాకిరీ రోజుల్లో తిన్నంత అన్నమే ఇప్పటికీ తింటున్నాం. దానికి తోడు పాకెట్ నూనె చవకగా దొరుకుతోంది, చక్కెర వేసిన టీలు రోజుకు మూడు నాలుగు దాకా పెరిగాయి.

అపోహ: అందరూ తిన్నాక మిగిలింది తినే మనిషికి లావెక్కడిది?

లావు వచ్చేదే అక్కడ. అందరికీ వడ్డించాక గిన్నెలో మిగిలేది అన్నం, చారు, పచ్చడి. పప్పు అడుగంటి ఉంటుంది, గుడ్లూ చికెన్ ముక్కలూ పిల్లల కంచాల్లోకి, మగవాళ్ల కంచాల్లోకి వెళ్లిపోయి ఉంటాయి. ఇక పిల్లలు వదిలేసిన ముద్దలు పారేయలేక తినేవి వేరు. కడుపు నిండుతుంది గానీ మాంసకృత్తులు చాలవు. అందుకే రెండు గంటలకే మళ్లీ ఆకలేస్తుంది, చేతికి బిస్కెట్ పాకెట్ దొరుకుతుంది.

55 కిలోల మహిళకు రోజుకు దాదాపు 46 గ్రాముల మాంసకృత్తులు కావాలి. 30 గ్రాముల కందిపప్పుతో చేసిన చిక్కటి పప్పులో ఆరేడు గ్రాములు, గుడ్డులో ఆరు, 200 గ్రాముల పెరుగులో ఆరు, పాతిక గ్రాముల వేరుశెనగల్లో ఆరు గ్రాములు ఉంటాయి. మిగతాది బియ్యం, గోధుమల నుంచి వస్తుంది. దీనికి చేయాల్సిన పని చిన్నది. వంట దించగానే ఆమె వంతు పప్పు, కూర, గుడ్డు వేరే గిన్నెలో తీసి మూతపెట్టాలి, ఆ తర్వాతే మిగతావాళ్లకు వడ్డించాలి. ఈ పని ఇంట్లో ఎవరైనా చేయొచ్చు, ఆమే చేసుకోవాలని లేదు. రాత్రి భోజనం పదింటికి కాకుండా ఎనిమిదిలోపే అందరితో కలిసి కూర్చుని తింటే ఇంకా మంచిది.

అపోహ: లావుగా ఉంది కాబట్టి రక్తం బాగానే ఉంటుంది.

ఈ మాట నమ్మి చాలామంది హిమోగ్లోబిన్ పరీక్షే చేయించుకోరు. ఒంట్లో కొవ్వు పెరిగితే లోలోపల వాపు లాంటి స్థితి ఏర్పడుతుంది. దానివల్ల కాలేయం హెప్సిడిన్ అనే పదార్థాన్ని ఎక్కువగా విడుదల చేస్తుంది, అది పేగుల నుంచి ఇనుము రక్తంలోకి చేరకుండా అడ్డుపడుతుంది. అందువల్ల మాత్ర వేసుకున్నా ఫలితం తక్కువగా ఉండొచ్చు. భోజనం కాగానే టీ, కాఫీ తాగే అలవాటు ఉంటే ఇంకా నష్టం. కనీసం గంట ఎడం ఉండాలి. ఐరన్ మాత్ర వేసుకునేటప్పుడు నిమ్మరసమో జామకాయో తోడైతే మేలు. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువ ఉంటే (గర్భిణికైతే 11) చికిత్స అవసరం. ఆయాసాన్ని లావు మీదికి నెట్టేసి ఊరుకోకూడదు.

అపోహ: చూడ్డానికి బాగానే ఉన్నాను కదా, నాకేం?

మన శరీరాల్లో అదే బరువుకు కండ తక్కువ, పొట్ట దగ్గర కొవ్వు ఎక్కువ. అందుకే భారతీయులకు బీఎంఐ 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని లెక్క. 150 సెంటీమీటర్ల ఎత్తున్న మహిళకు 52 కిలోల దగ్గర మొదటి గీత, 56 కిలోల దగ్గర రెండోది. 155 సెంటీమీటర్ల మహిళకు 55, 60 కిలోలు. చాలామంది ఊహించుకునే దానికంటే ఇవి బాగా తక్కువ.

బరువు కన్నా నడుము కొలత ఎక్కువ చెబుతుంది. మహిళలకు 80 సెంటీమీటర్లు, అంటే ముప్ఫై ఒకటిన్నర అంగుళాలు దాటకూడదు. కొలవడంలోనే తప్పు జరుగుతుంది: లంగా నాడా కట్టుకునే చోట, చీర కుచ్చిళ్ల మీదుగా టేపు చుడతారు. అలా కాకుండా చిట్టచివరి పక్కటెముకకూ తుంటి ఎముక పై అంచుకూ సరిగ్గా మధ్యలో, బట్ట అడ్డం లేకుండా టేపు చుట్టాలి. మామూలుగా ఊపిరి వదిలాక చూడాలి, పొట్ట లోపలికి లాక్కోకూడదు. టేపు చర్మానికి ఆనాలి గానీ బిగుసుకోకూడదు. బరువైతే వారానికి ఒక్కసారి, పొద్దున్నే కాలకృత్యాలు తీర్చుకున్నాక, నైటీలాంటి ఒకే రకం తేలికపాటి బట్టలతో, గట్టి నేల మీద పెట్టిన మిషన్ మీద చూసుకోవాలి. రోజూ చూసుకుంటే నీటి బరువులో తేడాలకే కంగారు పడతారు. నెలసరికి ముందు కిలో దాకా పెరగడం మామూలే.

అపోహ: కడుపుతో ఉంటే ఇద్దరి తిండి తినాలి, బాలింత నీళ్లు తాగితే పొట్ట పెరుగుతుంది.

గర్భిణికి అదనంగా కావాల్సింది రోజుకు 350 కేలరీలే: 200 మిల్లీలీటర్ల ఆవుపాలు, ఒక గుడ్డు, పాతిక గ్రాముల వేరుశెనగలు. ముందే అధిక బరువున్న మహిళ తొమ్మిది నెలల్లో 7 నుంచి 11.5 కిలోలు పెరిగితే సరిపోతుంది.

బాలింతకు నీళ్లు తగ్గించడం ప్రమాదకరం. రోజుకు ముప్పావు లీటరు పాలు ఇచ్చే మనిషికి దాహం వేసినంత నీళ్లు ఇవ్వాల్సిందే. తగ్గిస్తే మూత్రంలో మంట, మలబద్ధకం వస్తాయి. కాన్పు తర్వాత పొట్ట ఎత్తుగా ఉండటానికి కారణం గర్భసంచి ఇంకా ముడుచుకోకపోవడం, పొట్ట కండరాలు రెండు పక్కలకూ జరిగి ఉండటం. గర్భసంచి ఆరు వారాల్లో మామూలు స్థితికి వస్తుంది. నడికట్టు నడుముకు ఆసరా ఇస్తుంది గానీ కొవ్వును కరిగించదు. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకు 600 కేలరీలు ఎక్కువ కావాలి, నిజమే. అది పప్పు, గుడ్లు, పాలు, ఆకుకూరల నుంచి రావాలి. వేడివేడి అన్నంలో కారప్పొడి, నెయ్యి మాత్రమే పెట్టి, కూరగాయలన్నీ పథ్యం పేరుతో ఆపేస్తే బరువు పెరుగుతుంది, రక్తం పెరగదు. కడుపు రాకముందున్న బరువుకు కాన్పయిన ఏడాదిలోపు రాకపోతే రెండో కాన్పు అక్కడి నుంచే మొదలవుతుంది. చాలామందికి ఊబకాయం స్థిరపడిపోయేది ఈ మెట్టు దగ్గరే.

అపోహ: ఆపరేషన్ చేయించుకుంటే ఒళ్లు వచ్చేస్తుంది.

ఇక్కడ రెండు ఆపరేషన్లను కలిపేస్తున్నారు. పిల్లలు కాకుండా చేసే ఆపరేషన్‌లో అండం వెళ్లే గొట్టాలను మాత్రమే ముడివేస్తారు. అండాశయాలు, హార్మోన్లు, నెలసరి ఎప్పటిలాగే ఉంటాయి. మన రాష్ట్రాల్లో ఈ ఆపరేషన్ పాతికేళ్ల అటూఇటూలో, రెండో కాన్పు వెనకే జరుగుతుంది. కాన్పుల బరువు, ‘బరువులెత్తకు’ అంటూ నెలల తరబడి పెట్టిన విశ్రాంతి ఆ సమయానికే పడతాయి. నింద మాత్రం ఆపరేషన్ మీద పడుతుంది.

గర్భసంచి తీసేయడం వేరు. ఈ ఆపరేషన్ ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో మన రెండూ ఉన్నాయి, అదీ చాలామందికి నలభై ఏళ్లలోపే. తెల్లబట్టకో, మందులతో తగ్గే రక్తస్రావానికో ఇది చేయించుకోకూడదని గట్టిగా చెప్పాలి. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ముట్లాగిపోయే దశ ఒక్కసారిగా వచ్చిపడుతుంది: కొవ్వు పొట్టకు చేరుతుంది, ఎముకలు పల్చబడతాయి. డిశ్చార్జి కాగితంలో ‘బీఎస్‌ఓ’ అని రాసి ఉంటే రెండు అండాశయాలూ తీసేసినట్టు. అలాంటివాళ్లు గైనకాలజిస్టును కలిసి హార్మోన్ చికిత్స గురించి, కాల్షియం, విటమిన్ డి గురించి అడగాలి.

అపోహ: అన్నం మానేసి చపాతీ తిన్నా, శనివారం ఒక్కపొద్దు ఉన్నా బరువు దిగుతుంది.

బియ్యం, గోధుమపిండి, జొన్నలు, రాగులు ఏవైనా వంద గ్రాములకు 320–355 కేలరీల మధ్యే ఉంటాయి. మూడు చపాతీలకు 120 గ్రాముల పిండి, కాల్చడానికి మూడు చెంచాల నూనె పడితే 500 కేలరీలు దాటుతుంది. 300 గ్రాముల అన్నంలో ఉండేది 390. జొన్నరొట్టెలో పీచు ఎక్కువ, నూనె అక్కర్లేదు. అది దానికున్న మేలు. ఒక్కపొద్దు నాడు సాయంత్రం పూరీలు గానీ, నాలుగు చెంచాల నూనెతో ఉప్మా గానీ తింటే పగటి ఉపవాసంతో తగ్గిందంతా తిరిగి వచ్చేస్తుంది.

పనికొచ్చే తగ్గింపు ఇలా ఉంటుంది: మూడు టీల్లో రెండేసి చెంచాల చక్కెర మానేస్తే 120 కేలరీలు, నూనె మూడు చెంచాలు తగ్గిస్తే 135, అన్నం 150 గ్రాములు తగ్గించి ఆ చోట కూర పెంచితే నికరంగా 150 దాకా. మొత్తం రోజుకు 400. నెలకు కిలోన్నర దాకా దిగొచ్చు. కూర్చుని పనిచేసే మహిళకు రోజుకు 20 గ్రాముల నూనె చాలు. ఆ లెక్కన నలుగురికి నెలకు రెండున్నర లీటర్లు. నెల మొదట్లో అంతే కొని, అయిపోయే దాకా మళ్లీ కొనకపోతే చెంచాలు లెక్కపెట్టే పని ఉండదు.

అపోహ: ఇంటి పనే పెద్ద వ్యాయామం.

ఇంటి పని అలసట తెస్తుంది, ఎక్కువగా నిలబడి చేసేది. వారానికి కనీసం 150 నిమిషాలు, మాట్లాడగలిగినా పాట పాడలేనంత వేగంతో కదలాలి. 60 కిలోల మహిళ అరగంట వేగంగా నడిస్తే ఖర్చయ్యేది 120 కేలరీలే. అందుకే తిండి మార్చకుండా నడిచేవాళ్లు నిరాశపడతారు. నడక మానొద్దు, అది చక్కెరనూ రక్తపోటునూ తగ్గిస్తుంది. దానికి తోడు కండ కోసం వారానికి రెండు రోజులు కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా లేచి కూర్చోవడం, గోడకు చేతులానించి తోయడం పదేసి సార్లు, మూడు విడతలు చేయాలి. ఆ అరగంట ఆమెకు దొరకాలంటే పొద్దున టిఫినో, పిల్లల్ని బడికి తయారుచేయడమో ఇంకొకరు అందుకోవాలి.

అపోహ: థైరాయిడ్ ఉంది కాబట్టి ఇక తగ్గదు.

థైరాయిడ్ తక్కువగా ఉండటం వల్ల పెరిగేది మామూలుగా రెండు నుంచి అయిదు కిలోలు, అందులోనూ ఎక్కువ భాగం ఉప్పూ నీరూ. మాత్రను పరగడుపున నీళ్లతో వేసుకుని, కాఫీకి అరగంట నుంచి గంట ఆగాలి. కాఫీతో కలిపి వేసుకుంటే మందు సరిగా ఒంటబట్టదు. పీసీఓడీ (హార్మోన్ల తేడాతో అండాశయాలు సరిగా పనిచేయక నెలసరి తప్పే సమస్య) ఉన్నవాళ్లు ఉన్న బరువులో 5 శాతం, అంటే 70 కిలోలకు మూడున్నర కిలోలు తగ్గించినా చాలామందికి నెలసరి గాడిలో పడుతుంది.

కీళ్ల నొప్పులకు పేరు లేని పొడులు, చీటీలో కట్టిచ్చే మాత్రలు వాడుతుంటే జాగ్రత్త, వాటిలో స్టెరాయిడ్ కలిసి ఉండొచ్చు. ముఖం గుండ్రంగా ఉబ్బడం, పొట్ట మీద ఊదారంగు చారలు, కాళ్లూ చేతులూ సన్నబడటం దాని గుర్తులు. నెలల తరబడి వాడినవాళ్లు వాటిని ఒక్కసారిగా ఆపేయకూడదు, ప్రాణం మీదికి వస్తుంది. మిగిలిన మాత్రలు వెంట తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్తే మోతాదు మెల్లమెల్లగా తగ్గిస్తారు.